విప్పని పొట్లం

పొట్లానికి కట్టిన దారం విప్పనైనా విప్పలేదు. పెద్దక్క దాన్ని రెండు చేతులతో అటూ ఇటూ తిప్పి చూసి, "మేడం, ఇవాళ కూడా వచ్చింది," అంది.

షాపింగ్ సెంటరులో కార్లు నిలిపే అంతస్తుకి ఒక చివర, కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళెవరూ చూడని తలుపు వెనకాల ఉంటుంది ఆ చెత్తగది. పై అంతస్తుల్లో జనం కొన్నవాటి తొడుగులూ, తినగా మిగిలినవీ, పగిలినవీ, ఎవరికీ అక్కర్లేనివీ నల్లసంచుల్లో అక్కడికి దిగుతాయి. పొడవాటి ఇనపబల్ల మీద వాటిని గుమ్మరించి, అట్టలు ఒకవైపు, ప్లాస్టిక్ ఒకవైపు, సీసాలు ఒకవైపు, తిండి ఒకవైపు వేరు చేస్తారు. ఆ పని చేసే ఆడవాళ్ళలో వయసులో పెద్దది కాబట్టి పెద్దక్క. వాళ్ళందరి మీదా బాధ్యత కొత్తగా మేడంకి అప్పజెప్పారు. వచ్చిన రోజే ఆవిడ మూలపడి ఉన్న తూకం యంత్రం దుమ్ము దులిపించి, తూచందే ఏ సంచినీ బల్ల ఎక్కనివ్వనంది. దాంతో అందరూ తూకం మేడం అనడం మొదలుపెట్టారు. ఎదురుగానే అంటారు. ఆవిడా పలుకుతుంది.

"మళ్ళీ అట్టల సంచిలోనేనా?"

"అందులోనే. చూడండి, నూనె ఎలా దిగిందో." పెద్దక్క మెత్తబడిన అట్టముక్కని వేలితో నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది.

అసలు గొడవ అక్కడే. తిండి తగిలిన అట్టల్ని కొనేవాళ్ళు తీసుకోరు. కిందటి వారం ఒక లారీ లోడు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చింది. సెంటర్ మేనేజరు మేడంని పిలిచి, చెత్త తగ్గాలనీ, అట్టలు పొడిగా ఉండాలనీ, ఈ నెలాఖరుకి తేడా కనపడకపోతే గదిని బయటి కంపెనీకి ఇచ్చేస్తామనీ చెప్పాడు. బయటి కంపెనీ వస్తే వాళ్ళ మనుషుల్ని వాళ్ళే తెచ్చుకుంటారు. ఆ మాట మేడం బల్ల దగ్గరివాళ్ళకి చెప్పలేదు గానీ, వాళ్ళకి తెలియకుండానూ లేదు.

మేడం దారం తెంపలేదు. గోళ్ళతో ముడి వదులు చేసి విప్పింది. గోధుమరంగు కాగితం లోపల ఇంకో పల్చటి కాగితం. అందులో ఒకవైపు ఒత్తుగా అన్నం, పక్కన చిక్కుడుకాయ కూర, రెండుగా కోసిన ఉడకబెట్టిన గుడ్డు. విడిగా మడిచిన బుల్లి కాగితంలో కమలాపండు తొనలు. ఒక్కో తొనకీ తెల్లటి నార కూడా తీసేసి ఉంది.

"ఫుడ్ కోర్టుది కాదు మేడం. అక్కడ దారం ఎవరు కడతారు? ఇది ఇంట్లో కట్టింది," అంది పెద్దక్క.

"తినకపోతే పోనీ. కనీసం విప్పి కూడా చూడలేదేంటి?"

"పొగరు."

"రోజూనా?"

పెద్దక్క భుజాలెగరేసి మళ్ళీ అట్టల్లో పడింది. మేడం మాత్రం ఆ తొనల్నే చూస్తూ నిలబడిపోయింది. ఏదైనా అర్థం కాకపోతే ఆవిడకి పళ్ళ సందున నార ఇరుక్కున్నట్టే ఉంటుంది. అది వచ్చేదాకా వేరే పని మీదకి మనసు పోదు.

*

ఇంట్లో ఆ మాట ఎత్తగానే అత్తగారు ఒలుస్తున్న బఠాణీల గిన్నె పక్కన పెట్టేసింది. మోకాళ్ళ నొప్పులతో పగలంతా ఇంట్లోనే ఉండే ఆవిడకి, కోడలు పనినుంచి తెచ్చే కబుర్లే లోకం.

"ఎవడో కొత్తగా పెళ్ళయినవాడై ఉంటాడు. పెళ్ళాం వంట నోట పెట్టుకోలేక పారేస్తున్నాడు."

"దారమే విప్పలేదంటుంటే! తినకుండా బాగుందో లేదో ఎలా తెలుస్తుంది అత్తయ్యా?"

"మొదట్లో విప్పి ఉంటాడు. తర్వాత బుద్ధొచ్చి ఉంటుంది."

భర్త రాత్రి డ్యూటీకి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మీ ఇద్దరికీ చెత్తలో కూడా సీరియల్ దొరికింది," అని నవ్వి వెళ్ళిపోయాడు.

"అదికాదే," అత్తగారు గొంతు తగ్గించింది, ఎవరో వింటున్నట్టు. "తొనలకి నార తీసిందన్నావు చూడు. పెళ్ళాం అంత ఓపిక పట్టదు. అది తల్లి చెయ్యి. తల్లి కట్టిన అన్నం విప్పకుండా పారేసేవాడు ఎలాంటివాడో నాకోసారి చూడాలనుంది."

"మనిషి దొరికితే చూపిస్తాలెండి."

"దొరక్కపోతే నువ్వెందుకు మరి, అంత పెద్ద తూకం పెట్టుకుని!"

*

మర్నాడు మేడం బల్ల చివర కాచుకు కూర్చుంది. పొట్లం కనపడగానే పెద్దక్కని ఆగమని, అది వచ్చిన సంచి మొత్తం విడిగా గుమ్మరింపించింది. ఉండలుగా చుట్టిన పల్చటి తెల్లకాగితాలు దొర్లాయి. ఒక ఉండ తీసి చూస్తే ఒకవైపు సన్నంగా, ఒకవైపు బొద్దుగా, కాలి మునివేళ్ళ ఆకారంలో ఉంది. వాటితోపాటు తేమ పీల్చే గుళికల సంచులు, మడమ జార్చుకునే విరిగిన ప్లాస్టిక్ గరిటె ఒకటి.

"బూట్ల కొట్టు!" అంది పెద్దక్క. ఆవిడక్కూడా సరదా పుట్టింది. "రెండో అంతస్తులో, ఎస్కలేటర్ పక్కన."

మేడం పైకి వెళ్ళి అడగొచ్చు. కానీ ఆ రోజు లారీ వచ్చింది, తూకం యంత్రం మొరాయించింది, మెట్లెక్కే తీరికే చిక్కలేదు. షాపులవాళ్ళందరికీ పంపే నోటీసే ఒకటి తీసి, 'మీ సిబ్బంది అట్టల సంచిలో భోజనం పారవేస్తున్నారు, ఇకపై అలా జరగరాదు' అని రాసి, బూట్ల కొట్టు మేనేజరు పేర పంపించేసింది.

పొట్లం ఆ తర్వాత రాలేదు. మరుసటి రోజూ రాలేదు. అట్టలు గలగలమంటూ పొడిగా కట్టల్లోకి వెళ్ళాయి. సెంటర్ మేనేజరు కిందికి దిగి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే, "బాగా చేస్తున్నారు. ఇలాగే కొనసాగించండి," అని మెచ్చుకుని వెళ్ళాడు.

"బతికిపోయాం," అంది పెద్దక్క. "నోటీసు పనిచేసింది. బుద్ధిగా తింటున్నట్టున్నారు."

మేడం బూట్ల కొట్టు సంచిలో చెయ్యి పెట్టి కెలుకుతోంది. కాగితం ఉండలు. గుళికలు. పెట్టెల మూతలు. నూనె మరక ఎక్కడా లేదు.

"తింటుంటే పొట్లం కట్టిన కాగితం రావాలిగా పెద్దక్కా. దారం రావాలిగా."

పెద్దక్క చెయ్యి ఆగింది.

"బిస్కెట్ కాగితం కూడా లేదు. మరి ఏం తింటున్నట్టు?"

*

సెలవురోజున అత్తగారికి చెప్పులు కొనాలన్న నెపంతో మేడం ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. నెపం అత్తగారిదే. మోకాళ్ళ నొప్పి ఆ పూటకి మాయమైంది.

కొట్టు చిన్నదే. గోడల నిండా అద్దాల అరలు, మధ్యలో కొనేవాళ్ళు కూర్చోడానికి మెత్తటి బల్ల ఒకటి. బిల్లుల దగ్గర టై కట్టుకున్న మేనేజరు. ఇంకా ఇరవైలు దాటని అమ్మాయి ఒక్కతే ఆ మూలనుంచి ఈ మూలకి తిరుగుతోంది. అత్తగారు కూర్చోగానే ఆ అమ్మాయి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, "పాదం ఇలా ఇవ్వండి అమ్మమ్మగారూ," అంది.

మొదటి జత బిగుతంది అత్తగారు. రెండోది జారుతోందంది. మూడోదాని రంగు బాగోలేదు, నాలుగోది రంగు బాగుంది గానీ మడమ ఎత్తు. మేడం నవ్వు ఆపుకోడానికి అరల వైపు తిరిగింది. ఆ అమ్మాయి మాత్రం విసుక్కోలేదు సరికదా, పాదం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఒక్క క్షణం కళ్ళు మూసి తెరుస్తోంది.

"ఎన్ని తెప్పించినా కోపం రాదేమ్మా నీకు?" అంది అత్తగారు.

"రాదండీ. మీరు ఎంతసేపు చూస్తే అంత మంచిది." అమ్మాయి బిల్లుల వైపు ఓసారి చూసి మెల్లిగా అంది, "పెద్దవాళ్ళొస్తేనే నాకు కాస్త కింద కూర్చోడం దొరుకుతుంది."

"ఆ మూల స్టూలు మీద కూర్చోవచ్చుగా?"

"అది పైఅర అందుకోడానికండీ. మేం కూర్చోకూడదు. కూర్చుంటే కొట్టు డల్‌గా కనపడుతుందని పై ఆఫీసువాళ్ళ రూలు."

ఆ మాట అంటుండగానే ఆ అమ్మాయి కడుపులోంచి సన్నగా చప్పుడొచ్చింది. అమ్మాయి గబుక్కున దగ్గింది.

"అన్నం తిన్నావా?"

"తిన్నానండీ."

"నీ కడుపు లేదంటోందే!"

అమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వుతూ తల వంచేసుకుంది. అత్తగారు మంచిమాటల్లో పెట్టి పట్టీ బిగించమనీ, వదులు చెయ్యమనీ అంటూ ఒక్కో ముక్కే రాబట్టింది. భోజనానికి టైము ఉందిట, కాగితం మీద. గిరాకీ లేనప్పుడు స్టాకు గదిలోకి వెళ్ళి తినాలి. కానీ తనతోపాటు ఉండే ఇంకో అమ్మాయి మానేశాక ఆ ఖాళీ ఎప్పుడూ రాలేదు. స్టాకు గదికి కిటికీ లేదు. సాయంత్రానికి కూర పులిసిపోతుంది.

"పులిసిపోతే ఇంటికి పట్టుకెళ్ళకపోయావా?"

"అమ్మో, నాన్న చూస్తారు."

"నాన్నా?" అత్తగారు కోడలి వైపు చూసింది.

"నాన్నేనండీ వండేది. అమ్మ లేదుగా. కారఖానాలో పనిపోయాక ఇంట్లో వంట ఆయనే నేర్చుకున్నారు. పొద్దున్నే లేచి, కళ్ళజోడు పెట్టుకుని మరీ కూర తరుగుతారు. నేనింటికి వెళ్ళేసరికి గుమ్మంలో నిలబడి, ఇవాళ కూర ఎలా ఉంది తల్లీ అంటారు. బావుంది నాన్నా అంటాను. ఇంకేమంటాను? తినట్లేదంటే ఈ ఉద్యోగం మాన్పించేస్తారు. మానితే ఇల్లెలా నడుస్తుంది?"

మేడంకి ఇంక నిలబడబుద్ధి కాలేదు. వచ్చి బల్ల అంచున కూర్చుంది.

"ఇప్పుడూ తెస్తున్నావా అన్నం?"

"లేదండీ. కింద చెత్తగది నుంచి ఎవరో మేడం నోటీసు పంపారట. సార్‌కి పైనుంచి తిట్లు పడ్డాయి. ఇకమీద తిండి కొట్టులోకి తేవద్దన్నారు. నాన్నకేమో కొట్టువాళ్ళే భోజనం పెడుతున్నారని చెప్పాను. పాపం, ఆయనకి పొద్దున్నే ఏం చెయ్యాలో తోచట్లేదు."

అత్తగారు పాదం వెనక్కి తీసుకుంది. కోడలి మొహంలోకి చూడకుండా ఎదురుగా ఉన్న అద్దంలో తన కాలి జతనే చూసుకుంటూ కూర్చుంది.

"ఆ మేడం నేనేనమ్మా," అంది తూకం మేడం.

అమ్మాయి భయంగా లేచి నిలబడబోయింది. మేడం ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, "కూర్చో. ఇంకో జత తొడుగు," అంది.

అత్తగారు ఆ తర్వాత తెప్పించిన జతలకి లెక్కలేదు. చివరికి ఒకటి కొంది కూడా. బిల్లు దగ్గర మేడం మేనేజరుని అడిగింది, "మీవాళ్ళకి భోజనానికి టైం ఇవ్వరా బాబూ?"

"ఎందుకివ్వమండీ? గిరాకీ లేనప్పుడు వెళ్ళమంటాం."

"గిరాకీ ఎప్పుడుండదు?"

అతను గుమ్మం వైపు చూశాడు. ఎవరో లోపలికి వస్తున్నారు. "మీరే చెప్పండి," అన్నాడు. కోపంగా కాదు. చిల్లర కోసం సొరుగు లాగితే అందులో సగం కొరికిన బిస్కెట్టు ఒకటి, నోట్ల పక్కనే. దాన్ని చేత్తో కప్పేశాడు. "కొట్టు వదిలి వెళ్ళాలంటే పై ఆఫీసు ఒప్పుకోదండీ. షాపింగ్ సెంటర్ పని మీదైతే తప్ప."

*

ఇంటికి వెళ్ళే దారిలో అత్తగారు కొత్తచెప్పులు ఒళ్ళో పెట్టుకుని, "ఏమాలోచిస్తున్నావే?" అని రెండుసార్లు అడిగింది.

"సెంటర్ పని మీదైతే తప్ప అన్నాడు కదా అత్తయ్యా."

"అంటే?"

"చెత్త సెంటర్ పనే కదా."

మర్నాడు మేడం సెంటర్ మేనేజరు గదికి వెళ్ళింది. సంచులు బల్ల దగ్గరికొచ్చాక వేరు చెయ్యడం కన్నా, ఏ షాపు చెత్త ఆ షాపువాళ్ళే మధ్యాహ్నం కిందికి తెచ్చి, తమ చేత్తోనే వేరు చేసి, తూకం వేయించుకు వెళితే అట్టలు పాడవ్వవని చెప్పింది. అది అబద్ధం కాదు. వేరు చెయ్యడం ఒకసారి తన చేత్తో చేసినవాడు పైన కూడా జాగ్రత్తపడతాడని ఆవిడకి నిజంగానే నమ్మకం.

"తూకానికి ఎంతసేపు పడుతుంది?" అన్నాడాయన.

"అరగంట."

"చెత్త తూచడానికి అరగంటా?"

"వేరు చెయ్యాలి కదండీ. వరసలో నిలబడాలి. మళ్ళీ చేతులు కడుక్కోవాలి. కొట్లోకి అదే చేతులతో వెళితే బాగోదు."

చేతుల మాట ఆయనకి నచ్చింది. అంగీకరించి అన్ని షాపులకీ ఆర్డరు పంపాడు.

చెత్తగదిలో పెద్దక్కకి విషయం తెలిశాక బల్ల దగ్గరివాళ్ళంతా ఒళ్ళు వంచారు. లారీలు వచ్చే వాలుదారి దగ్గర గాలి బాగా ఆడుతుంది. అక్కడ పాత సామాను తీయించి, నేలని సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగారు. మూసేసిన కాఫీ షాపు పారేసిన కుర్చీల్లో కాళ్ళు సరిగ్గా ఉన్నవి ఏరి వేశారు. చేతులు కడుక్కోడానికి కొళాయి, పక్కన సబ్బు.

"మేడం, ఇది తూకం వరసేనా, పెళ్ళిపందిరా?" అంది పెద్దక్క.

"వరసే. కాకపోతే కూర్చుని నిలబడతారు."

*

మొదటిరోజు వచ్చినవాళ్ళు ముక్కులు మూసుకుని, గబగబా సంచి దించి పారిపోబోయారు. మేడం ఒక్కొక్కళ్ళనీ ఆపి, "టైం ఉంది, కూర్చోండి," అంది. ఎందుకో వాళ్ళకి అర్థం కాలేదు. బట్టల కొట్టు కుర్రవాడొకడు మాత్రం కుర్చీలో వాలి అలాగే నిద్రపోయాడు.

రెండోరోజు బూట్ల కొట్టు అమ్మాయి వచ్చింది. సంచి బల్ల మీద పెట్టి, కాగితం ఉండలు ఒకవైపు, గుళికలు ఒకవైపు, అట్టమూతలు మడతపెట్టి ఒకవైపు చకచకా సర్దింది. పెద్దక్క తూచింది. అమ్మాయి చేతులు కడుక్కుని, సంచి అడుగునుంచి కాదు, తన భుజానికున్న బ్యాగులోంచి గోధుమరంగు పొట్లం తీసింది.

"తేవచ్చన్నారా మీ సార్?" అంది మేడం.

"కొట్లోకి తేవద్దన్నాను గానీ, కిందికి తేవద్దనలేదుగా అన్నారు." అమ్మాయి నవ్వింది. "రేపటి వంతు తనదనీ, చెత్త తనే తీసుకెళతాననీ కూడా అన్నారు. ఆయనకి వాళ్ళావిడ కడుతుందిట."

"మీ నాన్నకేం చెప్పావు?"

"కొట్టువాళ్ళ భోజనం బాగోలేదు, నువ్వే కట్టు అన్నాను. పొద్దున్నే ఈల వేసుకుంటూ వండారు."

అమ్మాయి దారం విప్పి వేలికి చుట్టుకుంది. కాగితం తెరిచింది. బల్ల దగ్గరివాళ్ళు పని చేస్తున్నట్టే ఉన్నారు గానీ ఒక్కరి చెయ్యీ కదలట్లేదు. ఇన్నాళ్ళూ ఆ పొట్లాన్ని విప్పినా విప్పకపోయినా తిండి సంచిలో వేసింది వాళ్ళే. అది ఒక మనిషి నోటికి వెళుతుంటే చూడాలని వాళ్ళకీ ఉంది.

అమ్మాయి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. ఇంకో ముద్ద కూర ఒక్కటే తీసి నాలిక మీద వేసుకుంది.

"ఏమ్మా, పాడైందా?" అంది పెద్దక్క కంగారుగా.

"లేదు. ఉప్పు లేదు."

"తక్కువైందా?"

"తక్కువ కాదండీ. అసలే లేదు. మర్చిపోయినట్టున్నారు." గుడ్డు కొరికింది. "దీనికీ లేదు."

ఫుడ్ కోర్టు సంచిలోంచి అప్పుడే ఏరిన చించని ఉప్పు పొట్లాలు బల్ల మీద ఉన్నాయి. పెద్దక్క ఒకటి తుడిచి ఇచ్చింది. అమ్మాయి అది చల్లుకోకుండా చేతిలోనే పట్టుకుని ఆలోచనలో పడింది.

"చెప్పనా వద్దా?"

"చెప్పు. లేకపోతే రేపూ ఇంతేగా," అంది మేడం. "ఫోనిలా ఇవ్వు, నీ చేతులు ఎంగిలి. స్పీకర్ పెట్టి నేను పట్టుకుంటాను."

ఒక్కసారి మోగగానే తండ్రి ఎత్తాడు, ఫోను పక్కనే కూర్చున్నట్టు. "ఏంటి తల్లీ, ఈ వేళప్పుడు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉన్నాను నాన్నా. అన్నం తింటున్నాను. అదికాదు గానీ, ఇవాళ కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయావు."

అవతల కుర్చీ నేలమీద రాసుకున్న చప్పుడు. ఆయన లేచినట్టున్నాడు.

"మర్చిపోలేదమ్మా," అన్నాడాయన. "ఉప్పు వెయ్యడం మానేసి చాలా రోజులైంది. నువ్వు ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను."